రసం సరే, పిప్పి సంగతేమిటి?

మాఘమాసపు ఎండలు కాస్త ముదిరాయంటే మా అత్తగారింట్లో బూడిద గుమ్మడికాయలు అటక దిగేవి. పైనున్న తెల్లటి బూడిదను తడిగుడ్డతో తుడిచి, కాయ పగలగొట్టి, గింజల గుజ్జు తీసేసి, చెక్కుతోనే చిన్న ముక్కలుగా తరిగేవారు. వాటికి ఉప్పూ పసుపూ పట్టించి, పాత పంచెలో మూట కట్టి, ఏటవాలుగా పెట్టిన పీట మీద ఉంచి, నెత్తిన రుబ్బురోలు పొత్రం ఎక్కించేవారు. రాత్రంతా బొట్టుబొట్టుగా నీళ్లు దిగేవి. తెల్లారేసరికి మూట సగానికి సగం చిక్కిపోయేది. ఆ నీళ్లన్నీ పెరటి తూములోకి పోయేవి. కొత్తకోడలిగా ఒకసారి అడిగాను, అన్ని నీళ్లు పారబోయడం ఎందుకని. "నీళ్లుంటే వడియం ఆరదమ్మా, బూజు పడుతుంది" అన్నారు అత్తయ్య. ఆ మాటతో నా సందేహం తీరిపోయింది.

ముప్పై ఏళ్ల తర్వాత, నిరుడు, మా మరిది హైదరాబాద్ నుంచి ఒక యంత్రం మోసుకొచ్చాడు. కోల్డ్ ప్రెస్ జ్యూసర్ అట, వేడెక్కకుండా మెల్లగా నొక్కి రసం పిండేది. ధర అడిగితే నవ్వి ఊరుకున్నాడు కాబట్టి ఎంతో ఊహించుకోగలిగాను. మర్నాడు పొద్దున్నే అటక మీది బూడిద గుమ్మడికాయ దించి, చెక్కు తీసి, ముక్కలు దాని నోట్లో వేశాడు. యంత్రానికి రెండు మూతులు. ఒక మూతిలోంచి తేటగా రసం, రెండో మూతిలోంచి పొడిపొడిగా పిప్పి. రసం గ్లాసుల్లోకి, పిప్పి చెత్తబుట్టలోకి. ఎనభై దాటిన అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడి అంతా చూశారు. "అదేమిట్రా, వడియాల సరుకంతా అవతల పోసి, కుడితి నీళ్లు తాగుతున్నారు?"

మరిది పకపకా నవ్వాడు. నాకు మాత్రం ఆ ముసలావిడ మాట పట్టుకుంది. ఒక తరం కండ దాచుకుని నీళ్లు పారబోసింది. ఇంకో తరం నీళ్లు తాగి కండ పారేస్తోంది. కాయ అదే, వంటిల్లు అదే, పారబోత కూడా అదే.

కాబట్టి ఇంట్లో కూరగాయల రసం తీసుకోవడం గురించి నాకు ఒకటే మాట ఉంది. మధ్యాహ్నం కూరకి తెచ్చిన కాయలోంచే పొద్దున గ్లాసుడు రసం రావాలి, పిండగా మిగిలినది మళ్లీ పొయ్యి ఎక్కాలి. జ్యూస్ కోసం వేరే బజారు, వేరే సామాను, వేరే నియమం పెట్టుకున్న ఇంట్లో ఆ ముచ్చట నలభై రోజులు దాటడం నేను చూడలేదు. మా మరిది యంత్రం నెల తిరక్కుండానే అట్టపెట్టెలోకి వెళ్లింది. రసం రుచి బాగానే ఉండేది పాపం. అయిదారు విడి భాగాలు విప్పి, జల్లెడ బొక్కల్లో ఇరుక్కున్న పీచును బ్రష్షుతో తోమే ఓపిక ఎవరికీ లేకపోయింది. తాగేవాళ్లు ముగ్గురు, తోమేది నేను ఒక్కదాన్ని.

ఇక అందులో వేసే సరుకు. ఎవరిని అడిగినా క్యారెట్, బీట్‌రూట్, యాపిల్ అంటారు. మాది గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకీ నడుమనున్న ఊరు. క్యారెట్ నీలగిరుల నుంచో కర్ణాటక నుంచో లారీ ఎక్కి రావాలి. యాపిల్ అయితే హిమాలయాల నుంచే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ పారిన చోటల్లా వరి పరుచుకుంది. కూరగాయలు లంకల్లో, గట్ల మీద, పెరళ్లలో ఉండిపోయాయి. ఆ లంకల ఒండ్రు మట్టిలో ఏం పండుతాయో చూడండి. ఆనపకాయ, బీర, పొట్ల, దోస, దొండ, బెండ, వంకాయ. (ఆనపకాయ అంటే సొరకాయే. మా వైపు సొరకాయ అంటే కొత్తవాళ్లు వచ్చారని తెలిసిపోతుంది.) వీటిలో సగం ఒట్టి నీటి కుండలు. ఆనప, దోస, బూడిద గుమ్మడి, మూడింటిలోనూ నూటికి 95 పాళ్ల దాకా నీళ్లే. గోదావరి నీళ్లను నిలువ చేసుకున్న కాయలు కళ్లెదుట ఉండగా, గట్టి దుంపను ఎక్కడినుంచో తెప్పించి దాన్ని చితక్కొట్టే యంత్రం కొనడం నాకు వింతగా ఉంటుంది.

క్యారెట్ మీద నాకు పగ లేదు. దాని విషయంలో జ్యూస్ వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది కూడా. పచ్చి క్యారెట్ కరకరా నమిలితే దాని రంగు పదార్థం పీచు కణాల్లోనే చాలావరకు ఇరుక్కుపోయి బయటికి వెళ్లిపోతుంది. మెత్తగా నలిపితే కణాల గోడలు పగిలి ఒంటికి ఎక్కువ అందుతుంది. అయితే ఆ రంగు కొవ్వులో కరిగే రకం. పరగడుపున ఒట్టి క్యారెట్ రసం తాగి గంటదాకా ఏమీ ముట్టకుండా కూర్చునేవాళ్లు ఆ సగం లాభం వదులుకుంటున్నట్టే. నేతి చుక్క పడిన పెసరట్టుతో పాటు తాగితే సరిపోయేదానికి ఉపవాసం దేనికి?

యంత్రం లేకుండా ఎలా అని అడిగేవాళ్లకు నా సమాధానం కొబ్బరికాయలో ఉంది. కోనసీమలో కొబ్బరిపాలు తీయడం చేతకాని ఇల్లాలు ఉంటుందా? కోరిన కొబ్బరి రుబ్బి, పల్చటి గుడ్డలో వేసి, మణికట్టు మెలితిప్పి పిండితే మొదటి పాలు. ఆ పిప్పికే కాసిని గోరువెచ్చటి నీళ్లు చిలకరించి మళ్లీ పిండితే రెండో పాలు. ఆ చేతికి కూరగాయ ఒక లెక్క కాదు. మిక్సీ, ఉతికి ఆరబెట్టిన పాత నూలు పంచె ముక్క, ఒక వెడల్పాటి గిన్నె ఉంటే చాలు. కొత్త గుడ్డ పనికిరాదు, గంజి వాసన దిగుతుంది. పంచె మూడు నాలుగేళ్లు వాడి నలిగినదై ఉండాలి. ఆ గుడ్డ దీనికే కేటాయించాలి. వాడిన వెంటనే ఉడుకు నీళ్లలో జాడించి ఎండలో వేయాలి. తడిగా మూల పడేస్తే మర్నాటికే ముక్కవాసన.

దోసకాయతో మొదలుపెట్టండి. కూర దోసకాయ కాదు, దాని పులుపు వేరు, అది పప్పులోకే బాగుంటుంది. కీరాదోస పావు కిలో తీసుకుంటే ఒక మనిషికి గ్లాసుడు వస్తుంది. తొడిమ దగ్గర ముక్క కోసి రుచి చూడాలి, చేదు చేరితే అక్కడే ఉంటుంది. చెక్కు లేతదైతే ఉంచుకోవచ్చు. ముక్కలు కోసి, అందులో గుప్పెడు కొత్తిమీర కాడలతో సహా వేయాలి. అసలు వాసన కాడల్లోనే. అరంగుళం అల్లం. మిక్సీలో నీళ్లు పోయకుండా ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే గాలి పట్టి నురగ లేస్తుంది, ఆ నురగ రసానికి గడ్డివాసన తెస్తుంది. ముక్క నలిగి నీరు వదిలాక గుడ్డలో వేసి పిండాలి. అర చెక్క నిమ్మరసం, వేయించి దంచిన జీలకర్ర పావు చెంచా, రెండు మిరియాల పొడి, ఉప్పు. నల్ల ఉప్పు ఉంటే ఇంకా మంచిదే కానీ లేదని ఆగక్కర్లేదు.

నిమ్మకాయ ఇక్కడ రుచికి ఒక్కదానికే రాలేదు. తరిగిన వంకాయ గాలి తగిలి నల్లబడటం చూస్తూనే ఉంటాం, పులుపు నీళ్లలో వేస్తే ఆ నలుపు మందగిస్తుంది. రసంలోనూ అదే పని. సి విటమిన్ గాలికి విరిగిపోయే రకం కనుక పిండిన రసం పావుగంటలో తాగేయడం మేలు. సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో మూడు రోజులు దాచుకునేవాళ్లను చూస్తే నాకు నిన్నటి పెసరట్టు గుర్తొస్తుంది. ఉప్పు సంగతి వేరు. రోహిణీకార్తెలో మా డెల్టా ఉక్క ఎలా ఉంటుందో బయటివాళ్లకు చెప్పినా తెలియదు. కాలువలు కట్టేసి ఉంటాయి, గాలి కదలదు, చెమట ఆరదు. ఒంట్లోంచి నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. ఆ రోజుల్లో ఉప్పు లేని రసం గొప్పగా తాగేవాళ్లది ఎక్కడో చల్లటి దేశపు అలవాటు. మనకు చిటికెడు పడాలి. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం నిమ్మ, జీలకర్రలతో సరిపెట్టుకోవాలి.

మిక్సీ వేడికి విటమిన్లన్నీ చచ్చిపోతాయని యంత్రాలు అమ్మేవాళ్లు చెబుతారు. అర నిమిషం తిరిగిన మిక్సీ జార్‌లో చెయ్యి పెట్టి చూడండి, ఎంత వేడెక్కిందో. అదే కాయను మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పొయ్యి మీద ఉడికించి తింటున్నప్పుడు ఈ విటమిన్ల మీద ఎవరూ కన్నీరు పెట్టుకోరు.

ఇప్పుడు పిప్పి. గుడ్డలో మిగిలింది చేతిలోకి తీసుకుంటే ఒక చిన్న ఉండ. కీరాదోస, కొత్తిమీర, అల్లం పిప్పి ఉందనుకోండి, అందులో పచ్చిమిర్చి, కాస్త చింతపండు వేసి ఒక తిప్పు తిప్పి, ఆవాలు, మినప్పప్పు, ఇంగువ పోపు పెడితే ఇడ్లీలోకి పచ్చడి. అయిదు నిమిషాల పని. ఆనప పిప్పి దిబ్బరొట్టె పిండిలో కలిపి, మూకుడులో నూనె వేసి మూత పెట్టి సన్నటి సెగన కాల్చితే అడుగు ఎర్రగా, లోపల మెత్తగా వస్తుంది. ఆనప తురుము వేసి రొట్టె కాల్చడం ఎటూ మా ఇళ్లలో ఉన్నదే. తురిమాక నీరు పిండేసి మరీ కలుపుతాం, లేకపోతే పిండి జారైపోతుంది. అంటే రొట్టె చేసే ప్రతి ఇంట్లోనూ రసం ఎప్పటినుంచో తీస్తున్నారు, తాగడం ఒక్కటే లేదు. క్యారెట్ పిప్పి పచ్చికొబ్బరితో కలిపి వేపుడు చేస్తే ముక్కల వేపుడు కన్నా మా పిల్లలకు అదే ఇష్టం. బీట్‌రూట్ పిప్పి మాత్రం ఎన్ని విధాల ప్రయత్నించినా మట్టివాసన వదల్లేదు. వడల్లో వేశాను, పులిహోరలో వేశాను. చివరికి కుండీలో వేశాను.

రెండో పిండుడును కూడా మరవొద్దు. పిప్పి మీద అర గ్లాసు నీళ్లు చిలకరించి మళ్లీ పిండితే వచ్చే పల్చటి నీరు తాగడానికి చప్పగా ఉంటుంది. దాన్ని చారులో పోయండి. టమాటా చారుకి బూడిద గుమ్మడి నీళ్లు పోస్తే ఏం మారుతుందని అడిగితే చెప్పలేను, కానీ ఆ రోజు చారు గిన్నె ముందు ఖాళీ అవుతుంది.

ఇంత చెప్పినా ఒక కాయ విషయంలో గట్టిగా కేకేయాలి. ఆనపకాయ. మనకు చేదంటే ఒక భక్తి ఉంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, షుగరుకు కాకరకాయ, కడుపులో పాములకు వేపాకు. చేదుగా ఉంటే మందే అని చిన్నప్పటినుంచి నూరిపోశారు. ఆ భక్తి ఆనపకాయ దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది. దోస జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. మామూలు ఆనపకాయలో అవి లెక్కలోకి రానంత తక్కువ. ఒక్కోసారి ఏ కారణం చేతనో ఒక కాయలో బాగా పెరుగుతాయి, చూపులకు తేడా తెలియదు. కూరలో చేదు తగిలితే ముద్ద నోటిలోంచి తీసేస్తాం. రసమైతే ముక్కు మూసుకుని గటగటా తాగేస్తాం. తాగినవాళ్లు వాంతులు, విరేచనాలు, రక్తం కక్కుకోవడం దాకా వెళ్లారు, దేశంలో మరణాలూ జరిగాయి. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం దీన్ని పరిశీలించింది. 2012లో అచ్చయిన ఆ నివేదిక చెప్పింది సూటిగా ఉంది. రసం తీసే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకోవాలి, చేదుంటే కాయ పారేయాలి, ఆనపకాయ రసాన్ని మరో రసంతో కలపకూడదు, తాగాక ఒంట్లో తేడా చేస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కలపవద్దన్నది ఎందుకో ఆలోచిస్తే నాకు ఇలా అనిపించింది. నిమ్మ, పుదీనా, క్యారెట్ తీపి కలిస్తే ఆ చేదు నాలుకకు దొరకదు.

మా వీధిలోనే ఒకాయన, పేరు అక్కర్లేదు, ఫోనులో వచ్చిన సందేశం నమ్మి చేదు ఆనప రసం గ్లాసున్నర తాగాడు. "చేదుగా ఉందండీ" అని భార్య అంటే "అందుకే పనిచేస్తుంది" అన్నాడట. రెండు రోజులు సెలైన్ పెట్టించుకుని వచ్చాడు. పిప్పి పొయ్యి ఎక్కాలన్న నా మాటకు ఈ ఒక్క చోటే మినహాయింపు. చేదు కాయ పిప్పి కూడా పనికిరాదు. ఉడికించినా ఆ విషం విరగదు.

ఇక ఒంటికి ఏం చేస్తుందనే పంచాయతీ. ఒంట్లో మలినాలు కడిగేస్తుంది అంటారు. ఆ పనికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి, వాటికి జీతం కూడా ఇవ్వక్కర్లేదు. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లకైతే అయిదారు కాయల సారం ఒకే గ్లాసులో తాగించడం కీడే. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు కాకర రసం మొదలుపెడితే షుగరు మరీ పడిపోవచ్చు, డాక్టరుకు చెప్పి తాగాలి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు పడే ఒళ్లున్నవాళ్లకు పచ్చి పాలకూర, బీట్‌రూట్ రసం మంచిది కాదు. బీట్‌రూట్ తాగిన మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే మాత్రం కొంపలు మునగలేదు, కొందరికి అలాగే వస్తుంది. మా ఆడపడుచు ఒకసారి ఇంటిల్లిపాదినీ ఏడిపించింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల దాకా కూరగాయలు తినాలని ఉంది. మన కంచంలో కూర ఎంత ఉంటుందో తెలిసిందే, అన్నం కొండ పక్కన చిన్న గుట్ట. గ్లాసు రసం ఆ లోటు పూడుస్తుందని చెప్పుకుంటే అది మోసం. పీచు గుడ్డలోనే ఉండిపోయింది కదా. పిప్పి కూడా కంచంలోకి వస్తే అప్పుడు లెక్క సరిపోతుంది. నేను పిప్పి పిప్పి అని ఇంత చంపేది అందుకే.

అయినా అత్తయ్యను చూశాక జ్యూస్ మీద పూర్తిగా చెయ్యెత్తలేను. ఆవిడ కట్టుడు పళ్లకు కీరాదోస ముక్క లొంగదు. కరకరలాడే కాయ తిని ఎన్నేళ్లయిందో. అల్లం, కొత్తిమీర వేసిన దోస రసం మొదటిసారి తాగినప్పుడు గ్లాసు దించకుండా, "పచ్చి వాసన" అన్నారు. అది మెచ్చుకోలే. నమలలేని నోటికి రుచి కూడా అందకూడదని ఎవరన్నారు?

శుభ్రం సంగతి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. ఇది ఉడకని సరుకు. మా దగ్గర ఆకుకూరలు కాలువ నీళ్లలో ముంచి కట్టలు కట్టి బజారుకు తెస్తారు, మళ్లలో వాడిన మందులూ మురుగూ కలిసేది ఆ కాలువల్లోనే. వండే కొత్తిమీరను రెండుసార్లు కడిగితే, తాగే కొత్తిమీరను నాలుగుసార్లు కడగాలి, ఆఖరిసారి కాచి చల్లార్చిన నీళ్లతో. ఐసు వేసుకోకండి. మా ప్రాంతంలో ఐసు చాలావరకు చేపల కోసం, రొయ్యల కోసం తయారవుతుంది, బండి మీది జ్యూస్ గ్లాసులోకి ఏ దిమ్మ పగలగొట్టారో మనకు తెలియదు. కుండ నీళ్లలో కాయను అరగంట ఉంచితే చాలినంత చల్లబడుతుంది.

నా వాదనకు గండి పడే రోజులు కూడా ఉన్నాయి, దాచను. 2022 జూలై వరదకు లంకలు మునిగాయి. పాదులు కుళ్లిపోయి, బజారులో ఆనపకాయ మొహం వారాల తరబడి కనబడలేదు. అప్పుడు మా వంటింటిని నడిపించింది లారీ మీద వచ్చిన ఆ క్యారెట్లు, క్యాబేజీలే. ఊళ్లో పండిందే తాగాలి అని నియమం పెట్టుకుంటే ఆ నెల నీళ్లే గతి. కనుక దాన్ని నియమం చేయను. బజారులో ఏది కూరకొస్తే అదే గ్లాసులోకి, అంతే.

మొన్న మాఘంలో మళ్లీ వడియాలు పెట్టాం. మరిది ఫోను చేసి, అట్టపెట్టెలో ఉన్న యంత్రంతో పిప్పి తీసి వడియాలు పెట్టమన్నాడు, అన్నిటికీ పనికొస్తుందని నిరూపించాలని అతని తాపత్రయం. సరేనని ఒక ముక్క వేసి చూశాం. పిప్పి రవ్వలా వచ్చింది. అత్తయ్య వేళ్ల మధ్య నలిపి చూసి, "ముక్క తగలని వడియం ఏం వడియం" అని పక్కకు నెట్టారు. మళ్లీ పంచె, పీట, పొత్రం. ఈసారి పీట కొసన కడిగిన స్టీలు గిన్నె పెట్టాను. మొదటి గంటలో దిగిన నీళ్లు వరకే పట్టి, తర్వాతవి వదిలేశాను, రాత్రంతా నిలవ ఉన్నవి తాగడం మంచిది కాదు. ఉప్పూ పసుపూ పట్టిన నీళ్లు కనుక మజ్జిగలో కలిపాను. వేరే ఉప్పు వేయలేదు. నిమ్మాకు నలిపి, అల్లం ముక్క దంచి వేశాను.

అత్తయ్య తాగి, గ్లాసు బోర్లించి, "రేపు పొత్రం ఇంకాస్త ఆలస్యంగా ఎక్కించు" అన్నారు.

"ఎందుకత్తయ్యా?"

"బరువు పెడితే పసుపు ఎక్కువ దిగుతోంది. దానంతట అది కారింది తేటగా ఉంటుంది."